ముందు అర

మంగలం కాగిందో లేదో చూడటానికి హన్నమ్మ అందులో రెండు జొన్నగింజలు విసిరింది. ఒకటి టప్పున పేలి, తెల్లగా విచ్చుకుని, ఎగిరొచ్చి ఆమె ముంజేతి మీద పడింది. రెండోది కదలకుండా కూర్చుని మాడిపోయింది. అంటే మంట ఒక పక్కకే తగులుతోందన్నమాట. ఆమె వంగి పొయ్యిలోని కందికంపని ఎడమపక్కకి తోసింది. వెడల్పాటి ఆ మట్టిపాత్రని గుడ్డతో పట్టుకుని కాస్త తిప్పింది. దోసెడు జొన్నలు పోసి, కొసకి పాతగుడ్డ చుట్టిన కర్రతో కలియతిప్పుతూ, తలెత్తి గుమ్మంలోంచి రోడ్డుకేసి చూసింది. సరిగా తెల్లారలేదు. రోడ్డు మీద ఎవరూ లేరు.

"ఆయనొచ్చే వేళ ఇంకా కాలేదక్కా," అంది సయీదా చాట చెరుగుతూ. "నువ్వు చూస్తే వస్తాడా ఏంది?"

"నేను చూసింది కంప కోసం."

కంప ఆమె కాళ్ళ దగ్గరే మోపుగా పడి ఉంది. సయీదా నవ్వి ఊరుకుంది.

హన్నమ్మ యాభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. పొయ్యి సెగకి కనుబొమ్మలు సగం రాలిపోవటం వల్ల, ఎప్పుడూ ఏదో విని ఆశ్చర్యపోతున్నట్టు కనిపిస్తుంది. ముంజేతుల నిండా పేలిన గింజలు పడి కాలిన మచ్చలు. కూర్చుని అన్నం తినటం ఆమెకి చేతకాదు. పళ్ళెం చేత్తో పట్టుకుని పాకంతా తిరుగుతూ తింటుంది. ఆదివారం గుడిలో ప్రసంగం సాగుతుంటే లేచి కిటికీ తెరిచొస్తుంది, ఇంకాసేపటికి లేచి అదే కిటికీ మూసొస్తుంది. ఆమె మొగుడు ఆరోగ్యస్వామి రైల్వేలో గ్యాంగుమనుగా చేసి పోయాడు. బతికున్న రోజుల్లో ఆయన "కాలు కాలిన పిల్లిని కట్టుకున్నాను" అని అందరితో చెప్పుకునేవాడు. మామూలు రోజుల్లోనే ఇట్లా ఉంటే, ఆ శుక్రవారం సంగతి చెప్పక్కర్లేదు. ఒక వాయి వేయించి దించేలోపు ఆమె నాలుగుసార్లు గుమ్మందాకా వెళ్ళొచ్చింది.

మాచర్ల స్టేషను వెనక రేకులు కప్పిన ఆ పాకని ఊళ్ళో ఎవరూ కంపెనీ అనరు. పేలాల పాక అంటారు. గుమ్మం మీద మాత్రం బోర్డు ఉంది: 'తేలిక తిండి కంపెనీ. నూనె లేదు, చక్కెర లేదు.' కంపెనీకి యజమానురాలు హన్నమ్మ. ప్యాకింగు సయీదా. అమ్మకాలు సయీదా మొగుడు యాకూబ్. యంత్రసామగ్రి ఏమిటంటే ఒక మంగలం, రెండు చాటలు, ఒక జల్లెడ, ఒక సైకిలు. బోర్డు ఎక్కించిన రోజున, ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతోందని జనం నవ్వారు. హన్నమ్మ కూడా వాళ్ళతోపాటు నవ్వి, బోర్డు వంకరగా ఉందని మళ్ళీ నిచ్చెనెక్కింది.

అంతకుముందు ఆమె గుంటూరు వైపు ఒక మిషను ఆస్పత్రిలో చాలా ఏళ్ళు పథ్యం వంట చేసింది. షుగరు జబ్బు వాళ్ళకి, గుండె జబ్బు వాళ్ళకి, ఒళ్ళు తగ్గాల్సిన వాళ్ళకి. అక్కడి దొరసాని డాక్టరు ఒక మాట అంటుండేది. మనిషి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి బుద్ధిగా పథ్యం చేస్తాడు, సాయంత్రం పూట నోరు ఊరుకోక చెడిపోతాడు, ఆ సాయంత్రపు నోటికి ఏదైనా చూడు హన్నమ్మా అని. హన్నమ్మ చూసింది. జొన్న పేలాల్లో వేయించిన శనగపప్పు, ఎండు కరివేపాకు పొడి, మిరియాల పొడి, కాస్త వాము కలిపి ఇస్తే రోగులు మంచాల మీద కూర్చుని కరకరలాడించారు. డాక్టరమ్మ తన దేశం వెళ్ళిపోయింది. ఆస్పత్రి వంట వేరేవాళ్ళ చేతికి పోయింది. హన్నమ్మ మాచర్ల వచ్చి పొయ్యి పెట్టింది.

చిత్రం ఏమిటంటే పల్నాట్లో జొన్న బీదవాడి గింజ. జొన్నసంకటి తిని బండలు పగలగొట్టే వాళ్ళ దగ్గరికి రాని జబ్బు, వరన్నం తిని గద్దె మీద కూర్చునే వాళ్ళని వెతుక్కుంటూ వచ్చింది. ఇప్పుడు వాళ్ళకి జొన్నే దిక్కయింది. కానీ మందనేసరికి ఎవరికి రుచిస్తుంది? బజారులో పెద్ద దుకాణం వెంకటాద్రి శెట్టిది. అక్కడ హన్నమ్మ డబ్బాలు వెనక గదిలో, పిండి బస్తాల సందున ఉంటాయి. కొనేవాళ్ళు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి "ఆ జబ్బుది ఒకటియ్యి" అంటారు. జబ్బు లేనివాడు అడగడు. అడిగేవాళ్ళు లేక సరుకు మెత్తబడుతుంది. మెత్తబడ్డ డబ్బాలు పాకకి తిరిగొస్తాయి.

కాబట్టి హన్నమ్మకి కావలసింది ఒకటే. దుకాణంలో ముందు అర. వీధిలోంచి చూస్తే కళ్ళకి ఎదురుగా కనపడేది. జంతికల సీసాలు, కారప్పూస సీసాలు ఉండే చోటు. అక్కడ కూర్చుంటే తన సరుకు మందు కాదు, తిండి అవుతుంది. బడికి పోయే పిల్ల కూడా చెయ్యి చూపించి అడుగుతుంది. ఏడాదిగా ఆమె వెంకటాద్రి ప్రాణం తోడేస్తే, చివరికి ఈ శుక్రవారం పెట్టుకోమన్నాడు. ఈసారి కాకపోతే ఇక కాదు. యాకూబ్‌ని నాగార్జునసాగరం డ్యాము పనికి రమ్మన్నారు. ముందు అర దొరక్కపోతే సోమవారం పెళ్ళాంతో సహా వెళ్ళిపోతానని అతను తల వంచుకుని చెప్పాడు. వాళ్ళిద్దరూ పోతే బోర్డు ఒక్కటే మిగులుతుంది.

"అదుగో, వస్తన్నాడు," అంది సయీదా.

వెంకటాద్రి శెట్టి రోజూ తెల్లవారుజామున ఆ దారినే నడకకి వస్తాడు. భారీ మనిషి. తెల్లటి పంచె, భుజం మీద కండువా, కండువా కింద దాచిపెట్టిన పాత బిస్కెట్ల డబ్బా. డబ్బా మీద నెమలి బొమ్మ ఉంటుంది. ఆయన దాన్ని పాక ముందున్న రాతిమీద పెట్టి రెండడుగులు వెనక్కి జరుగుతాడు. హన్నమ్మ పైనుంచి పేలాలు పోసి తనూ వెనక్కి జరుగుతుంది. అప్పుడాయన డబ్బా తీసుకుంటాడు. నీళ్ళు తగలకుండా వేయించిన గింజకి అంటు లేదని పెద్దల మాట. కంపెనీ మొత్తం ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. కాసిని వేణ్ణీళ్ళు చిలకరించి ఆరబెడితే జొన్న ఇంకా బాగా పేలుతుందని హన్నమ్మకి తెలుసు. కానీ ఒక్క చుక్క తగిలినా బజారు ముట్టుకోదు. అందుకని పొడిగానే వేయిస్తుంది, పేలని గింజలు చెరిగి కోళ్ళకి వేస్తుంది. మాచర్ల మొత్తం మీద అంత బలిసిన కోళ్ళు ఇంకెక్కడా లేవు.

"ఏం హన్నమ్మా, గడ్డి సిద్ధమా?" అన్నాడు వెంకటాద్రి.

"గడ్డి సిద్ధమే శెట్టిగారూ. ఎద్దుని తోలుకొచ్చారా?"

ఆయన పొట్ట తట్టుకుని, ఇదిగో అన్నట్టు నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడు. హన్నమ్మ ఆ ఊపిరి వినే స్థితిలో లేదు.

"ఇయ్యాలేగా?"

"ఏది ఇయ్యాల?"

"శెట్టిగారూ!"

"అరవమాక తల్లీ. ఇయ్యాలే. జంతికల సీసాలు నా చేత్తో నేనే తీస్తా. మా గుమాస్తా గొణుగుతన్నాడు, గొణగనీ. ఎండ చల్లబడ్డాక సరుకు తీసుకురా."

"మాట తప్పరుగా?"

"కొలతన్నా తప్పుతా గానీ మాట తప్పనే."

సయీదా చాట అడ్డం పెట్టుకుని నవ్వింది. హన్నమ్మ గంటె అందుకుని రాతి దగ్గరికి వచ్చింది. రాతిమీద డబ్బా లేదు. వెంకటాద్రి దాన్ని చేత్తో పట్టుకునే ఉన్నాడు.

"ఇది ఇప్పుడొద్దు. నింపి ఉంచు. సరుకుతోపాటు దుకాణానికే పట్టుకురా. గద్దె మీద కూచుని, బజారంతా చూస్తంటే తింటా. శెట్టి తింటన్నాడంటే ఊరు తినదా?"

"ఇంట్లో అమ్మగారికి తెలిసిపోదా మరి?"

వెంకటాద్రి డబ్బా మీది నెమలిని బొటనవేలితో రుద్దాడు. ఆయన తమ్ముడు ఈ షుగరు జబ్బుతోనే కాలు తీయించుకుని, ఆ తరవాత పోయాడు. ఆ మంచం పక్కన రాత్రీపగలూ కూర్చుని సేవ చేసింది వెంకటాద్రి భార్య రంగనాయకమ్మే. అదే జబ్బు తనకీ వచ్చిందని తెలిస్తే ఆమె నిద్రపోదని, ఈ నాలుగేళ్ళుగా ఆయన ఇంట్లో చెప్పలేదు. పేలాలు తినటం కూడా దొంగతనంగానే, కాలవగట్టు మీద నడుస్తూ తిని నోరు తుడుచుకుంటాడు.

"తెలియనీ," అన్నాడు చివరికి. "ఇంకెన్నాళ్ళు దాస్తా."

డబ్బా ముందుకి చాపాడు. హన్నమ్మ అందుకుంది. ఆయన కండువా సర్దుకుని వెళ్ళిపోయాడు. మలుపు దగ్గర ఒకసారి గోడ పట్టుకుని ఆగి, మళ్ళీ నడిచాడు. ఆయన కనపడకుండా పోయాకగానీ హన్నమ్మకి తట్టలేదు, డబ్బా రాతిమీద పెట్టకుండా తన చేతికే ఇచ్చాడని.

ఆయనకీ ఆమెకీ పరిచయం అయిన తీరు తలుచుకుంటే సయీదా ఇప్పటికీ కడుపు పట్టుకుని నవ్వుతుంది. కంపెనీ పెట్టిన కొత్తలో ఊరందరికీ తెలియాలని హన్నమ్మ ఒక ఉపాయం పన్నింది. సినిమా వాళ్ళు డప్పు కొట్టించుకుంటూ తిరగటం చూసి తనూ ఒక డప్పు మాట్లాడింది. ముందు డప్పు, వెనక యాకూబ్ నెత్తిన గంపెడు పేలాలు, వాళ్ళ వెనక హన్నమ్మ. పిల్లలకి గుప్పెడు గుప్పెడు పంచమని ఆమె చెప్పింది. పంచేదాకా పిల్లలు ఆగుతారా? గంప పట్టుకుని లాగారు. గంప ఒరిగింది, గాలి లేచింది, పేలాలు బజారు పొడుగునా తెల్లగా రాలుతూ పోయాయి. డప్పతను వెనక్కి చూడకుండా తన పాటికి తను వాయిస్తూనే ఉన్నాడు.

హిందువుల ఇళ్ళలో శవం లేచినప్పుడు పాడె ముందు డప్పు మోగుతుంది, దారి పొడుగునా పేలాలు చల్లుతారు. ఈ సంగతి హన్నమ్మకి తెలియక కాదు. అమ్ముకోవాలన్న తొందరలో తట్టలేదు. గుమ్మాల్లోకి ఆడవాళ్ళు వచ్చి "ఎవరు పోయారు? ఎవరు పోయారు?" అని అడగటం మొదలుపెట్టాక తట్టింది. ఒకావిడ అప్పటికే వాకిట్లో నీళ్ళు కుమ్మరించింది. పాడె కోసం వెతికి, పాడె లేక, గంప నెత్తుకున్న సాయిబునీ వెనక బిక్కమొహం వేసుకున్న కిరస్తానీ ఆడమనిషినీ చూసి జనం నోళ్ళు తెరిచారు. దుకాణం గద్దె మీంచి ఒక లావుపాటి పెద్దమనిషి కేకేశాడు.

"ఎవరు పోయారమ్మాయ్?"

"నా కంపెనీ పోయింది శెట్టిగారూ!" అంది హన్నమ్మ ఏడుపుగొంతుతో.

వెంకటాద్రి దగ్గొచ్చేదాకా నవ్వాడు. మర్నాడు తెల్లవారుజామున నెమలి డబ్బాతో పాక ముందు నిలబడ్డాడు. బజారు మాత్రం అంత తొందరగా మరిచిపోలేదు. ఏడాదిపాటు యాకూబ్ సైకిలు వెనక పిల్లలు "శవం పేలాలు, శవం పేలాలు" అని అరుస్తూ పరిగెత్తారు. అప్పుడే హన్నమ్మ ఒక నియమం పెట్టుకుంది. ఎవరు వచ్చి ఎంత బతిమాలినా శవం మీద చల్లటానికి తన పాకలోంచి గుప్పెడు కూడా ఇవ్వదు. చావుకి కావలసిన వడ్ల పేలాలు పాత బజారులో ఒక ముసలామె వేయిస్తుంది, అక్కడికి పొమ్మంటుంది. వెంకటాద్రి గుమాస్తా పుల్లయ్య కూడా ఒకసారి బంధువుల చావుకి అడగొచ్చి, లేదనిపించుకుని వెళ్ళాడు.

పొద్దెక్కింది. కొత్త సరుకంతా డబ్బాల్లో నింపారు. డజను డబ్బాలు. మూతల చుట్టూ కాగితం అంటించి, పసుప్పచ్చటి లేబుళ్ళు అతికించింది సయీదా. లేబులు మీద యాకూబ్ చెప్పిన మాట అచ్చు వేయించారు: 'తింటే ఒళ్ళు పెరగదు, తినకపోతే నోరు ఊరుకోదు.' హన్నమ్మ డబ్బాలు వరసగా పేర్చి దూరం నుంచి చూసింది. దగ్గరికి వచ్చి చూసింది. ఒక లేబులు ఒరిగిందని ఊడబెరికి మళ్ళీ అంటించింది, ఈసారి అది ఇంకో పక్కకి ఒరిగింది.

"కూచో అక్కా కాసేపు," అన్నాడు యాకూబ్. సత్తెనపల్లి సరుకు రైలుకి వేసి అప్పుడే వచ్చాడతను. "నిన్ను చూస్తంటే నాకు కళ్ళు తిరుగుతన్నయ్."

"నువ్వు బజారెంబడే వచ్చావుగా. సీసాలు తీశాడా శెట్టిగారు?"

"నేను వెనకదారిన వచ్చా. చూళ్ళా."

"చూడాల్సిందేగా!"

"తీస్తానన్నాడుగా, తీస్తాడు." యాకూబ్ మెల్లగా అన్నాడు. "డ్యాము పనికి నాకేమీ సరదా లేదక్కా. బండలు మోసి మోసి మా అన్న నడుం విరిగింది. ఇది నిలబడితే నేనెందుకు పోతా?"

ఆమె నెమలి డబ్బా కడిగి, తుడిచి, ఎండలో పెట్టి, తేమ లేదని వేలితో తడిమి చూసుకుని, ఆనాటి సరుకులో బాగా విచ్చుకున్న పేలాలు ఏరి నింపింది. ఏరటం అయ్యేసరికి మధ్యాహ్నమయింది. అన్నం సయించలేదు. మజ్జిగ తాగుదామని గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి, ఏదో గుర్తొచ్చి కింద పెట్టి, అది ఎక్కడ పెట్టిందో మరిచిపోయింది.

ఎండ చల్లబడకముందే బయల్దేరదీసింది. యాకూబ్ సైకిలుకి రెండు పక్కలా గోతాలు కట్టి డబ్బాలు వేశాడు. హన్నమ్మ నెమలి డబ్బా చేతిసంచిలో పెట్టుకుని ముందు నడిచింది. రోజూ పాకలో కట్టే మసి చీర కాదు, క్రిస్మసుకి కొన్న చీర కట్టుకుంది. నడిచే వేగానికి యాకూబ్ సైకిలు తోసుకుంటూ వెనకబడ్డాడు.

బజారు మలుపు తిరిగేసరికి దుకాణం ముందు జనం. బేరాల వేళ కదా అనుకుంది. ఇంకాస్త దగ్గరికి పోయేసరికి, జనం ఉన్నారు గానీ ఎవరూ మాట్లాడటం లేదు. దుకాణం చెక్కతలుపులు దాదాపు అన్నీ వేసేశారు. రెండు చెక్కలు మాత్రం తీసి ఉన్నాయి. అరుగు మీద చాప, చాప మీద తెల్లటి పంచె. పంచె బయటికి పెద్ద పెద్ద పాదాలు రెండు కనపడుతున్నాయి. ఆ పాదాల్ని ఆమె నాలుగేళ్ళుగా రాతికి రెండడుగుల దూరంలో చూస్తూనే ఉంది.

గుమాస్తా పుల్లయ్య ఆమెని చూసి దగ్గరికొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"భోజనం చేసి వచ్చాడు. సీసాలన్నీ తనే దించాడు. నేను చేస్తానంటే ఒప్పుకోలా. అర గుడ్డపెట్టి తుడిచాడు. 'ఆయాసంగా ఉందిరా పుల్లయ్యా' అని గద్దె మీద కూచున్నాడు. అంతే. మంచినీళ్ళు తెచ్చేలోపే…"

తీసి ఉన్న రెండు చెక్కల మధ్యనుంచి లోపలి ముందు అర కనపడుతోంది. ఖాళీగా ఉంది. తుడిచిన చెక్క నల్లగా మెరుస్తోంది. కింద నేలమీద జంతికల సీసాలు బారుగా పెట్టి ఉన్నాయి. హన్నమ్మకి ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. దుకాణాన్ని ఆనుకుని ఉన్న ఇంట్లో ఆడవాళ్ళు వరసలు పెట్టి ఏడుస్తున్నారు, ఓ బావా, ఓ అన్నా, ఓ నాయనా అని. ఆమెకి పెట్టుకోవటానికి వరస లేదు. కొంగు నోట్లో కుక్కుకుని సైకిలు పక్కన నిలబడింది.

పొద్దుగూకకముందే ఎత్తాలన్నారు. దగ్గరివాళ్ళంతా ఊళ్ళోనే ఉన్నారు. వెదురు వచ్చింది, డప్పులు వచ్చాయి. పుల్లయ్య రెండుమూడుసార్లు ఆమె దగ్గరిదాకా వచ్చి, ఏదో అడగబోయి, వెనక్కి పోయాడు. చివరికి లోపలినుంచి రంగనాయకమ్మే గుమ్మందాకా వచ్చింది. జుట్టు విడిపోయి ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుని ఉన్నారు. ఆమె హన్నమ్మని పేరు పెట్టి పిలవటం అదే మొదటిసారి.

"హన్నమ్మా, పేలాలు కావాలి."

హన్నమ్మ పాత బజారు వైపు చూసింది.

"పాత బజారు ముసలామె దుర్గిలో కూతురింటికి పోయిందమ్మగారూ," అన్నాడు పుల్లయ్య మధ్యలో అందుకుని. "వడ్ల పేలాలు ఇప్పటికిప్పుడు…"

"వడ్లవి నాకొద్దు. ఆయన తినేవే కావాలి." రంగనాయకమ్మ గుమ్మం పట్టుకుంది. "నాకు తెలీదనుకున్నాడు పిచ్చాయన. రోజూ ఆ కండువా దులిపేది నేనేగా హన్నమ్మా. దులిపినప్పుడల్లా పేలాల పొట్టు రాలేది. నాలుగేళ్ళు ఏమీ అడగలా. నేను భయపడతానని దాచినవాడు, అడిగితే నాకు తెలిసిపోయిందని భయపడతాడని."

పురోహితుడు ఏదో చెప్పబోయి, ఆమె మొహం చూసి, పేలాలు పేలాలే కదా అని ఊరుకున్నాడు.

హన్నమ్మ సైకిలు వైపు తిరిగింది. యాకూబ్ అప్పటికే గోతం మూతి గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా," అన్నాడు గొంతు తగ్గించి. "ఈ సరుకే చల్లితే ఇంకేముంది? ఇదే డప్పు, ఇదే బజారు. మళ్ళీ శవం పేలాలంటారు. ఈసారి నిజంగానే అంటారు. ఆ అరలో ఇంకెవరూ పెట్టనియ్యరు."

"తెలుసురా."

"పాకకి పోయి వడ్లు వేయించుకొద్దాం. గంటలో వచ్చేస్తాం."

"వడ్లు ఆయన తిన్నాడా?" అంది హన్నమ్మ. "గోతం ఇప్పు."

యాకూబ్ ఇప్పలేదు. ఆమే ఇప్పింది. సయీదా అంటించిన కాగితాన్ని గోటితో చీల్చి మొదటి డబ్బా మూత తీసింది. పుల్లయ్య పట్టుకున్న గంపలో బోర్లించింది. రెండో డబ్బా, మూడో డబ్బా. నాలుగో డబ్బాకి యాకూబ్ కళ్ళు తుడుచుకుని తనూ మూతలు తీయటం మొదలుపెట్టాడు. ఊడిన పసుప్పచ్చ లేబుళ్ళు కాళ్ళ దగ్గర పడ్డాయి. చివరి డబ్బా కూడా అయ్యాక ఆమె చెయ్యి సంచిలోకి పోయింది. నెమలి డబ్బా తగిలింది. దాన్ని అక్కడే వదిలి, ఖాళీ చెయ్యి బయటికి తీసుకుంది.

పాడె లేచింది. ముందు డప్పులు, వాటి వెనక పుల్లయ్య. అతను గుప్పెడు గుప్పెడు తీసి రెండు పక్కలా చల్లుతున్నాడు. పేలాలు తేలిక, గాలికి కాస్త ఎగిరి పడుతున్నాయి. ఎప్పుడూ లేనిది శవయాత్రలో కరివేపాకు వాసన, మిరియాల వాసన. అరుగుల మీద నిలబడ్డవాళ్ళు ఆ వాసనకి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొందరు ఆ వాసన గుర్తుపట్టారు. దొంగచాటుగా వెనక గదిలోంచి కొనుక్కుపోయినవాళ్ళు కదా, గుర్తుపట్టక ఏం చేస్తారు? వాళ్ళెవరూ ఏమీ అనలేదు. రేపు ఏమంటారో తెలియదు. పిల్లలు ఏమంటారో మాత్రం తెలుసు.

ఆడవాళ్ళు పాడె వెంట పోరు. హన్నమ్మ బజారు మధ్యలో, పేలాల మధ్య, నిలబడిపోయింది. ఎటూ కదలాలనిపించలేదు. పక్క సందులోంచి కర్ర పొడుచుకుంటూ ఒక ముసలావిడ వచ్చింది. సరిగా కనపడదు కాబోలు, నేలకేసి వంగి చూసి, ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎవరు పోయారమ్మాయ్?"

"మా శెట్టిగారు," అంది హన్నమ్మ.

డప్పులు దూరమయ్యాయి. దుకాణంలో సామాను సర్దుతున్న పనివాడు మిగిలిన రెండు చెక్కలు వేయబోయి, ఆమె అరుగు దగ్గరికి రావటం చూసి ఆగాడు. ఇన్నేళ్ళలో ఆమె ఆ అరుగు ఎక్కలేదు. ఇప్పుడూ ఎక్కలేదు. వీధిలోనే నిలబడి, మునివేళ్ళ మీద లేచి, రెండు చెక్కల సందులోంచి చెయ్యి చాపింది. చెయ్యి అందింది.

"రేపు పొద్దున్నే కంప ఎక్కువ తీసుకురావాలిరా," అంది యాకూబ్‌తో, వెనక్కి తిరిగి నడుస్తూ. యాకూబ్ ఖాళీ గోతాలు మడిచి సైకిలుకి కట్టుకున్నాడు. సరేననలేదు, రాననీ అనలేదు.

వాళ్ళ వెనక, ఖాళీ చేసి తుడిచిన ముందు అర మీద, నెమలి బొమ్మ వీధికేసి తిరిగి ఉన్న బిస్కెట్ల డబ్బా ఒక్కటే ఉంది, నిండుగా.